ఎంటర్‌ప్రైజ్: చూడాల్సినవి ఎన్ని, వదిలేయాల్సినవి ఎన్ని

ఐనవోలు జాతరలో ఒగ్గుకథకు కూర్చున్నవాళ్లందరికీ మల్లన్న కథ తెలుసు. బలిజ మేడలమ్మను, గొల్ల కేతమ్మను పెళ్లాడతాడనీ తెలుసు. అయినా లేవరు. ఆ పెళ్లిళ్లు ఎట్లా కుదిరాయో వినడానికే వచ్చారు మరి. తెలిసిన కథకు ముందు ఏం జరిగిందో చెప్పే ప్రీక్వెల్‌ బతికేది కూడా ఈ 'ఎట్లా' మీదే. 'స్టార్ ట్రెక్: ఎంటర్‌ప్రైజ్' అనే అంతరిక్ష సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ దాన్ని మొదటి రెండు సీజన్లలో చాలావరకు చేజార్చుకుంది.

2001లో మొదలైన ఈ సిరీస్‌ కథ 2151లో మొదలవుతుంది. తొలి స్టార్ ట్రెక్ హీరో కెప్టెన్ కిర్క్ కాలానికి నూరేళ్లకు పైగా ముందన్నమాట. అప్పటికి గ్రహాల కూటమి అయిన ఫెడరేషన్ పుట్టలేదు, అంతరిక్ష ఓడకు రక్షణ కవచాల్లాంటి షీల్డ్స్ లేవు. మనుషుల్ని క్షణంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే ట్రాన్స్‌పోర్టర్ ఉన్నా అందులో నిలబడాలంటే సిబ్బందికి భయం. ఆ భయం ఎందుకో 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్' ఎపిసోడ్ కళ్లకు కడుతుంది. గాలిదుమారంలో చిక్కుకున్న ఓ కుర్రాణ్ని ట్రాన్స్‌పోర్టర్‌తో హడావిడిగా పైకి లాగుతారు. దుమారంలో ఎగిరిన ఆకులు, చెత్త అతని చర్మంలోనే అతుక్కుపోయి వస్తాయి. యంత్రం ఇంకా ఎంత పచ్చిగా ఉందో చూపడానికి ఆ ఒక్క షాట్ చాలు.

అంత మంచి లోటును రచయితలే పూడ్చేశారు. షీల్డ్స్ లేవు కాబట్టి ఓడ పైరేకులను పోలరైజ్ చేస్తారు, అంటే దెబ్బలు తట్టుకునేలా గట్టిపరుస్తారు. దెబ్బ తగలగానే అది ఇంత శాతానికి పడిపోయిందంటూ పాత షీల్డ్స్ డైలాగే వినిపిస్తుంది. తర్వాతి కాలపు ఆయుధమైన ఫేజర్ బదులు ఫేజ్ పిస్టల్ పెట్టారు. స్పృహ తప్పించడం, చంపడం అనే రెండు సెట్టింగులూ అందులో ఉన్నాయి. పేర్లు మారాయి తప్ప ఇబ్బంది పుట్టలేదు. 'మైన్‌ఫీల్డ్'లో రోములన్ అనే శత్రుజాతి ఓడలు కనిపించకుండా మాయమవుతాయి. 1966 నాటి సిరీస్‌లో ఆ విద్యనే కిర్క్ బృందం కొత్త వింతలా చూసింది!

మూడో సీజన్ దగ్గర నా అభిప్రాయం మారుతుంది. జిండీలనే గ్రహాంతరవాసుల దాడిలో భూమ్మీద 70 లక్షల మంది చనిపోతారు. చివరికి భూమి మిగులుతుందని మనకు తెలుసు, కాబట్టి ఆ ఉత్కంఠకు విలువ లేదు. కానీ 'డ్యామేజ్' వేసే ప్రశ్న వేరు. ఓడను కాంతి కంటే వేగంగా నడిపే వార్ప్ కాయిల్ పాడైంది, జిండీల తర్వాతి దాడిని ఆపాల్సిన గడువు దగ్గరపడింది. దారిలో సాయం కోరి వచ్చిన వేరే గ్రహంవాళ్ల ఓడ నుంచి ఆ కాయిల్‌ను కెప్టెన్ ఆర్చర్ బలవంతంగా లాక్కుంటాడు. కాయిల్ లేకుండా వాళ్లు ఇల్లు చేరాలంటే మూడేళ్లు పడుతుంది. వాళ్ల తప్పేమీ లేదని అతనికి తెలుసు. భూమి దక్కింది సరే, దాన్ని దక్కించుకున్న మనిషి ఏమయ్యాడు? ఈ సిరీస్ అడగాల్సిన ప్రశ్న ఇదే. ఇంత గట్టిగా మళ్లీ ఎక్కడా అడగలేదు.

నాలుగో సీజన్ నిలకడగా సాగుతుంది. తర్కాన్నే నమ్మే గ్రహాంతరజాతి వల్కన్లు ఇట్లా అబద్ధాలాడతారా అని అభిమానులు మొదట్లో మండిపడ్డారు. ఆ అబద్ధాలనే తీసుకుని, వల్కన్ సమాజం దారి తప్పి మళ్లీ దారికి రావడాన్ని మూడు ఎపిసోడ్ల కథగా మలిచారు. తప్పును దాచకుండా కథలోకి లాక్కోవడం నాకు బాగా నచ్చింది.

చివరి ఎపిసోడ్‌ను మాత్రం క్షమించలేను. ఆరేళ్లు ముందుకు దూకి, ఇంకో సిరీస్‌లోని రైకర్ అనే అధికారి, నిజంలా బొమ్మలు చూపే గది అయిన హోలోడెక్‌లో చూసే బొమ్మగా ఈ కథను మార్చేశారు. ఓడ ఇంజినీర్ ట్రిప్ చావును హడావిడిగా తేల్చేశారు. ఫెడరేషన్ పుట్టుక వేళ ఆర్చర్ ప్రసంగం మొదలుపెట్టకముందే తెర పడుతుంది. నాలుగేళ్లు ఎదురుచూసింది ఆ మాటల కోసమే కదా!

సెమిస్టర్ సెలవుల్లో చూద్దామనుకునే నిట్ పిల్లలకు 98 ఎపిసోడ్లంటే దాదాపు 70 గంటలు. మొదటి సీజన్‌లో పైలట్ (మొట్టమొదటి ఎపిసోడ్), 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్', 'ది ఆండోరియన్ ఇన్సిడెంట్' చూసి, రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌కు వెళ్లండి. జిండీ కథ అక్కడే మొదలవుతుంది. ఇక వరసగా చూస్తూ 97వది, 'టెర్రా ప్రైమ్' దగ్గర ఆపేయండి.