‘సూపర్ అన్నా’తో ఏ ఫొటో బాగుపడింది?

ప్రపంచ ఛాయాచిత్ర దినోత్సవం పేరిట ఆగస్టు 19న ఫొటో ప్రదర్శనలు పెట్టడం బరంపురం నుంచి జయపురం దాకా ఒడిశా సరిహద్దు పట్టణాల్లోని తెలుగువారికీ అలవాటైంది. ఫొటోలు వరుసగా వేలాడదీయడం, ముఖ్య అతిథి వాటి ముందు నుంచి నడిచి వెళ్లడం, ప్రశంసాపత్రాలు పంచడం, శాలువాలు కప్పడం అందరికీ తెలిసిన తంతే. ఏదైనా ఒక ఫొటో ముందు ఇద్దరు నిలబడి, ఇందులో ఏది కుదిరింది, ఏది కుదరలేదు, ఎందుకు కుదరలేదు అని పది నిమిషాలు మాట్లాడుకోవడం మాత్రం ఆ తంతులో కనిపించదు. ఏడాది పొడవునా ఫోన్లలో జరిగేదీ అంతే. ఫొటో పెట్టీ పెట్టగానే ‘సూపర్ అన్నా’, ‘కేక’, రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చి పడతాయి. మర్నాడు మళ్లీ కెమెరా పట్టుకున్నప్పుడు పనికొచ్చే మాట వాటిలో ఒక్కటీ ఉండదు. దీన్ని మనం మర్యాద అనుకుంటున్నాం. నా దృష్టిలో ఇది ఎదుటివాడి పనిని చూడటానికి నిరాకరించడమే, సరిహద్దు తెలుగు సమాజం ఈ అలవాటు వల్ల ఒక్క ఫొటోల విషయంలోనే నష్టపోవడం లేదు.

ముందుగా ఫొటో సంగతే చూద్దాం. బరంపురం దగ్గరి గోపాలపురం తీరంలో తెల్లవారుజామున నోలియాలు, అంటే మన తెలుగు మాట్లాడే జాలరులు, పడవను ఇసుక మీదికి లాగుతున్న దృశ్యాన్ని ఇక్కడ కెమెరా కొన్న ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు తీస్తారు. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచే పైకి వస్తాడు, ఒడ్డున నిలబడి సముద్రం వైపు తీసేవాడికి వెలుగు మనుషుల వెనక ఉంటుంది. కెమెరాను దాని లెక్కకు వదిలేస్తే ఆకాశపు వెలుగును చూసి ఎక్స్‌పోజర్‌ను, అంటే లోపలికి తీసుకునే వెలుగును, తగ్గించేస్తుంది, పడవ లాగుతున్నవాళ్ల ముఖాలు నల్లబడిపోతాయి. ముఖాలు కనిపించాలని ఎక్స్‌పోజర్ పెంచితే అలల నురుగు, సూర్యుడి చుట్టూ ఉన్న ఆకాశం వివరమేదీ మిగలకుండా తెల్లగా తేలిపోతాయి. చాలామంది ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఆగిపోతారు, ముఖాలూ సరిగా కనిపించవు, నురుగూ మిగలదు. దానికి తోడు సముద్రం ఆకాశాన్ని కలిసే గీత, ముందు నిలబడిన మనిషి మెడ మీదుగా పోతుంది, కుడి అంచున గంప ఎత్తుకున్న స్త్రీ చేయి మణికట్టు దగ్గర తెగిపోతుంది.

అలాంటి ఫొటో కింద ‘సూపర్’ అని రాసినవాడు ఇవేవీ చూడలేదు, లేదా చూసి కూడా చెప్పలేదు. ‘ఏదో మిస్సయింది బ్రదర్’ అని రాసినవాడు అంతకంటే పెద్ద సాయమేమీ చేయలేదు, ఎందుకంటే ఆ ‘ఏదో’ ఏమిటో వెతికే భారాన్ని అతను కొత్తవాడి మీదే వదిలేసి వెళ్లిపోయాడు. అదే ఫొటోను కాసేపు చూసి, ‘మోకాళ్ల మీద కూర్చుని తీస్తే సముద్రపు గీత కిందికి దిగి తలలు ఆకాశం మీద విడిగా కనిపించేవి, ఒక అడుగు వెనక్కి వేస్తే ఆమె చేయి ఫ్రేములో పడేది, నీకు కావలసింది ముఖాలా నల్లటి ఆకారాలా అన్నది షట్టర్ నొక్కక ముందే తేల్చుకో, ఆకారాలే కావాలంటే ఎక్స్‌పోజర్ ఇంకాస్త తగ్గించు, నురుగు నిలబడుతుంది’ అని చెప్పినవాడిని తీసుకోండి. అతని మాటల్లో ఫొటో తీసినవాడి ప్రతిభ గురించి ఒక్క ముక్క లేదు. ప్రతి మాటా ఫ్రేములో ఒక చోటును వేలుపెట్టి చూపిస్తుంది, తీసినవాడు ఆ క్షణంలో చేసిన ఒక ఎంపికను గుర్తుచేస్తుంది, మరో ఎంపిక ఉండేదని చెబుతుంది. పనికొచ్చే విమర్శకు నేను పెట్టుకున్న కొలత ఇదొక్కటే. మెచ్చుకోలుకూ ఇదే కొలత వర్తిస్తుంది. ‘ముసలాయన చేతి నరాలు ఉబ్బిన క్షణంలో నొక్కావు, అందుకే పడవ బరువు నాకు తెలిసింది’ అంటే ఆ కుర్రాడు వచ్చేసారి ఆ క్షణం కోసం కాచుకుని కూర్చుంటాడు. ఏం బాగుందో తెలియని పొగడ్త విన్నవాడు ఆ మంచిని మళ్లీ చేయలేడు.

చెప్పడం ఎంత కష్టమో వినడం అంతకన్నా కష్టం, మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఎవరైనా నోరు తెరవగానే ఫొటోగ్రాఫర్ వివరణ మొదలుపెడతాడు: ఆ రోజు మబ్బు పట్టింది, లెన్సు అంతవరకే జూమ్ అవుతుంది, పక్కన జనం తోస్తున్నారు అని. అవన్నీ నిజాలే కావచ్చు, కానీ ఫొటో చూసేవాడికి ఆ మబ్బూ ఆ తోపులాటా కనిపించవు, ఫ్రేములో మిగిలిందే కనిపిస్తుంది. తన వివరణ ఆపుకుని, ఎదుటివాడి కన్ను తన ఫొటోలో ఏ దారిన నడిచిందో తెలుసుకునే అవకాశాన్ని వాడుకోవడమే తీసినవాడికి లాభం. అమెరికా నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన విమర్శ పద్ధతి ఇక్కడ మనకు అక్కరకొస్తుంది. అందులో మొదట చూసినవాళ్లు తమను తాకినదేమిటో చెబుతారు, తర్వాత కళాకారుడు ప్రశ్నలు అడుగుతాడు, ఆపైన చూసినవాళ్లు తమ అభిప్రాయం దూర్చకుండా ప్రశ్నలు వేస్తారు, సొంత అభిప్రాయాలు చివర్లో, అదీ కళాకారుడు సరేనంటేనే వస్తాయి. దీనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది రెండో మెట్టు. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే జవాబే వస్తుంది. ‘ఆయన చేతులు కనిపించాలని తీశాను, మీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?’ అని అడిగితే చూసేవాడు తప్పించుకోలేడు, చూసి చెప్పాల్సిందే.

అడిగేవాడు చేయాల్సిన చిన్న పని ఇంకొకటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నలిగి చిన్నదవుతుంది, ఏ షట్టర్ వేగంతో, ఎంత అపెర్చర్‌తో, అంటే లెన్సు ఎంత తెరిచి, తీశారో చెప్పే సమాచారం కూడా దారిలోనే పోతుంది. ఆ ప్రతిని చూసి ‘షార్ప్‌గా లేదు’ అనడంలో అర్థం లేదు. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు చేరుతుంది. ఆపైన ఒక్కో రంగుకు 256 వెలుగు మెట్లుండే మామూలు జేపెగ్ ఫైలు తీశాడా, 14 బిట్ల మీద 16,384 మెట్లతో కెమెరా పట్టినదాన్ని పట్టినట్టే దాచే ‘రా’ ఫైలు తీశాడా అన్నది తెలిస్తే, ఎగిరిపోయినట్టున్న నురుగును కొంతైనా వెనక్కి తేగలమో లేదో చెప్పవచ్చు.

విమర్శ కొత్తవాళ్ల ఉత్సాహాన్ని చంపేస్తుందనే వాదన ఉంది. వారమంతా ఉద్యోగమో దుకాణమో చూసుకుని ఆదివారం సరదాగా ఫొటోలు తీసేవాడికి పరీక్షలెందుకని అడిగేవాళ్లున్నారు, ముఖ్యమైనదాన్ని ఫ్రేములో మూడో వంతు గీత మీదే పెట్టాలనే ‘మూడింట ఒకవంతు సూత్రం’ పట్టుకుని ప్రతి ఫొటోనూ ఒకే అచ్చులో పోసే పెద్దమనుషులతో విసిగినవాళ్లూ ఉన్నారు. చెడ్డ విమర్శ మీద వాళ్ల కోపం న్యాయమైనదే. అసలు విమర్శే వద్దనడానికి ఆ కోపం చాలదు. సాయంత్రం సరదాకు వాలీబాల్ ఆడే కుర్రాడి సర్వీసు మాటిమాటికీ నెట్‌కు తగులుతుంటే పక్కవాడు చేతి ఎత్తు సరిచేస్తాడు, దాంతో ఆటలో సరదా పెరుగుతుందే తప్ప తగ్గదు.

మన మౌనం వల్ల నష్టం ఫొటో తీసినవాడితో ఆగిపోదు. రుషికుల్య నది ముఖద్వారంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు గంజాం తీరానికి చేరతాయి. నెలన్నర, రెండు నెలల్లో గుడ్లలోంచి వచ్చిన పిల్లలు రాత్రివేళ ఇసుకలోంచి పైకి వచ్చి, ఎక్కువ వెలుగున్న దిక్కుకు పాకుతాయి. చీకటి తీరంలో ఆ దిక్కు సముద్రానిదే కావాలి. అక్కడ టార్చి వేసినా, ఫ్లాష్ వెలిగించినా వాటికి దారి తప్పుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ పొందిన ప్రాణి అది. అలాంటి ఫొటో కింద ‘ఫ్లాష్ వాడావా?’ అని ఒక్కరూ అడగకపోతే, ఆ కుర్రాడు మరుసటి ఏడాది ఇంకా పెద్ద ఫ్లాష్‌తో వెళతాడు. మల్కన్‌గిరి జిల్లా ఒనుకుడెల్లి గురువారపు సంతలో మెడ నిండా కంటెలు, పూసల పేటలు వేసుకున్న బోండా గిరిజన స్త్రీల ముఖాలను పెద్ద లెన్సుతో దూరం నుంచి తీసుకొచ్చేవాళ్ల విషయమూ అంతే. ఆమెను అడిగి తీశావా, తీశాక ఆమెకు చూపించావా అన్న ప్రశ్న, ఫోకస్ కంటి మీద పడిందా లేదా అన్నదానికంటే ముందు రావాలి. సాంకేతిక లోపం చెప్పడానికే మొహమాటపడే గుంపులో ఈ ప్రశ్న ఎవరి నోటా రాదు.

ఆ మొహమాటం ఎక్కడి నుంచి వచ్చిందో సరిహద్దులో బతుకుతున్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి ఈ ప్రాంతాలు అటు చేరినప్పటి నుంచి, ఇక్కడి తెలుగువాడు సాటి తెలుగువాడిని ముందు ‘మనవాడు’గా చూడటం నేర్చుకున్నాడు. బడుల్లో తెలుగు తగ్గుతున్న చోట, మన పిల్లవాడు ఏది చేసినా భుజం తట్టాలనిపించడం సహజం. తెలుగులో కవిత రాస్తే చాలు, నాటకం వేస్తే చాలు, ఫొటో తీసి కింద తెలుగులో నాలుగు మాటలు రాస్తే చాలు అన్న స్థితికి వచ్చేశాం. ఆ ‘చాలు’ దగ్గరే మన పని నాసిరకంగా మిగిలిపోతోంది. పని ఎలా ఉందో చూడకుండా చేసినవాడు మనవాడని మెచ్చుకుంటే, అతని దగ్గర అంతకంటే మంచిది ఉండదని మనమే తేల్చేసినట్టవుతుంది. పక్క బల్ల మీది ఒడియా మిత్రుడి ఫొటోలో లోపం మనకు ఠక్కున కనిపిస్తుంది, మనవాడి ఫొటోలో అదే లోపం కనిపించదు.

ఇలాంటి మౌనం మన సంప్రదాయమేమీ కాదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు అవధాని నోటికొచ్చే అక్షరాన్ని సభ మధ్యలోనే నిషేధిస్తాడు, అవధాని దాన్ని అవమానంగా తీసుకోకుండా మరో అక్షరం వెతుక్కుంటాడు, సభ ఇద్దరినీ గౌరవిస్తుంది. అంతకంటే దగ్గరి ఉదాహరణ గిడుగు రామమూర్తి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన, వ్యావహారిక భాష కోసం గ్రాంథికవాదులతో పోరాడినప్పుడు వాళ్లను తిట్టి ఊరుకోలేదు. గ్రాంథికమే సరైన తెలుగు అని వాదించే పండితులు తమ రాతల్లోనే ఆ వ్యాకరణాన్ని ఎక్కడెక్కడ తప్పారో ఎత్తి చూపించాడు. పక్కనున్న సవరల భాషను కూడా అంతే ఓపికగా నేర్చుకుని, మాట మాటా విని నిఘంటువు తయారుచేశాడు. సరిహద్దులో నిలబడి తెలుగును ప్రేమించడమంటే తెలుగువాడి తప్పును కప్పిపుచ్చడం అని ఆయన అనుకోలేదు. ఆయన జయంతి అయిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, దానికి పది రోజుల ముందు ఫొటో దినోత్సవం చేసుకుంటూ, రెండు వేదికల మీదా ఒకే మాదిరి శాలువాలు కప్పుకుంటున్న మనం ఆయన నుంచి తీసుకున్నది ఏమీ లేదు.

ఈ ఏడాది ప్రదర్శన పెట్టేవాళ్లను నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ప్రశంసాపత్రాల ముద్రణకు పెట్టే డబ్బులో కొంత తగ్గించి, ఎంపికైన ఫొటోలను పెద్ద సైజులో ప్రింటు తీయించండి. ముఖ్య అతిథి ప్రసంగాన్ని కుదించి, మధ్యాహ్నం రెండు గంటలు ఫొటోల ముందు కుర్చీలు వేయండి. ఫొటో తీసినవారు తమ ప్రింటు పక్కన నిలబడి ఒక్క ప్రశ్న అడిగి ఆగాలి, చూసినవాళ్లు ఫ్రేములో చోటు చూపించి మాట్లాడాలి, ఒకరు అదంతా రాసుకుని సాయంత్రానికి ఫొటో తీసినవారికి ఇవ్వాలి. న్యాయనిర్ణేతలు ఎంపిక కాని ఫొటోలకూ ఎందుకు కాలేదో రెండు వాక్యాలు రాసి పంపాలి. ఆ రెండు వాక్యాలు రాయడానికి తీరిక లేనివారిని న్యాయనిర్ణేతలుగా పిలవకండి.