ఓటీపీ చెప్పే మనవడు ఊళ్ళో లేడు

పెద్దవాళ్ళకి నెట్ రాదు అని ఇంకా అంటూనే ఉన్నాం కానీ ఆ మాట పాతబడిపోయి చాన్నాళ్ళయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఏ ఇంట్లోకైనా తొంగి చూడండి, అమ్మమ్మ ఫోన్‌ని దిండుకి ఆనించి యూట్యూబ్‌లో ప్రవచనం వింటూ ఉంటుంది, టైపింగ్ రాకపోతేనేం, మైక్ గుర్తు నొక్కి "గుత్తి వంకాయ కూర" అని గట్టిగా అరిస్తే వంట వీడియో వచ్చేస్తుంది, రాత్రి డల్లాస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్ చేస్తే స్క్రీన్ మీద తన నుదురు ఒక్కటే కనిపిస్తున్నా సరే అరగంట మాట్లాడుతుంది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా రేట్లు నేలకి దిగాక టచ్ ఫోన్ వంటింటి దాకా వచ్చేసింది. ఎవరూ క్లాసులు పెట్టి నేర్పలేదు, కావాల్సినంత వాళ్ళే నేర్చుకున్నారు.

అదే అమ్మమ్మ ఓటీపీ అనేసరికి ఫోన్ తీసుకెళ్ళి పక్కింటి కుర్రాడి చేతిలో పెట్టేస్తుంది. యూట్యూబ్‌లో తప్పు నొక్కితే ఇంకో పాట వస్తుంది, బ్యాంకు యాప్‌లో తప్పు నొక్కితే డబ్బులు పోతాయి, తేడా ఆవిడకి బాగా తెలుసు. దీన్ని తెలివితక్కువతనం అని నవ్వేవాళ్ళు డిజిటల్ అరెస్ట్ కేసులు, అంటే మోసగాడు పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి నిన్ను అరెస్ట్ చేశామని బెదిరించి డబ్బు గుంజే కేసులు ఒకసారి చదవాలి. అసలు అలాంటి అరెస్టే చట్టంలో లేదని 2024 అక్టోబర్‌లో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో చెప్పాల్సి వచ్చింది. అందులో చిక్కిన పెద్దవాళ్ళలో రిటైరైన ఇంజినీర్లు, డాక్టర్లు, లెక్చరర్లు కూడా ఉన్నారు, వాళ్ళకి ఫోన్ వాడటం రాక కాదు. ఖాకీ చొక్కా కనిపిస్తే లేచి నిలబడి సమాధానం చెప్పే తరం వాళ్ళది, మోసగాడు పట్టుకున్నది ఆ మర్యాదనే. (డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకి ఫోన్ చేయాలన్న సంగతి ఇంట్లో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.)

ఇప్పుడు మా బాధ ఏంటంటే, పనులన్నీ ఫోన్‌లోకి వెళ్ళిపోతున్నాయి, వెళ్ళడం తప్పని మేము అనట్లేదు, మంచాన పడ్డ పెన్షనర్ బ్యాంకు దాకా రాకుండా ఇంట్లోనే ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే వీలు 2021లో వచ్చింది, అది నిజంగా మేలే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోనే ఇస్తున్నారు, అదీ మంచిదే. కానీ ఇలాంటి ప్రతి ఏర్పాటు వెనకా ఎవరూ పైకి చెప్పని ఒక లెక్క ఉంది, ఇంట్లో ఒక మనవడు ఉంటాడులే అని. ఆ మనవడు మాదాపూర్‌లోనో బెంగళూరులోనో మీటింగ్‌లో ఉన్నాడు, ఓటీపీ గడువేమో నిమిషాల్లో అయిపోతుంది, తాతగారు కళ్ళజోడు వెతుక్కుని మెసేజ్ తెరిచి అంకెలు చదివేలోపు మళ్ళీ మొదటికొస్తుంది. తిరుమలలో 65 దాటినవాళ్ళకి ప్రత్యేక దర్శనం కోటా ఉంది కదా, ఆ టికెట్లు తెరుచుకునేది ఆన్‌లైన్‌లోనే. ముసలివాళ్ళ కోసం పెట్టిన టికెట్టు కుర్రాళ్ళ వేళ్ళ వేగం మీద ఆధారపడి ఉంది.

లెక్కల్లో కూడా వీళ్ళు కనిపించరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం, దేశం మొత్తం మీద 33.3. తలదించుకోవాల్సిన అంకెలే, అయితే అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది, ఆ ప్రశ్న 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళనే అడిగారు. 50 దాటితే లెక్కలోనే లేరు.

ఇక పిల్లల సంగతి. పొద్దున లేస్తే ఫోనేనా అని తిడతాం, కరెంటు బిల్లు కట్టాలన్నా, గ్యాస్ బుక్ చేయాలన్నా మళ్ళీ వాడినే పిలుస్తాం. పదిహేనేళ్ళ పిల్లాడే ఇంటికి మీసేవ అయిపోయాడు. అదీ అబ్బాయిల మాటే, 14-18 ఏళ్ళ పల్లెటూరి పిల్లల మీద 2023లో పిల్లల చదువుల మీద సర్వేలు చేసే అసర్ వాళ్ళు చేసిన సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే అమ్మాయిల్లో 19.8 శాతం మందికే ఉంది. నలభై ఏళ్ళ తర్వాత ఓటీపీ చదివిపెట్టమని పక్కింటికి వెళ్ళబోయేది ఎవరో ఇక్కడే తెలిసిపోతోంది. వయసు మీద తోసేస్తున్నాం గానీ సగం తప్పు చిన్నప్పుడు ఫోన్ ఎవరి చేతికిచ్చామన్న దాంట్లో ఉంది.

దీనికి దారి ఎక్కడో వెతకక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున ఊళ్ళోని గ్రామ, వార్డు సచివాలయం ఉద్యోగి గుమ్మం ముందుకొచ్చి వృద్ధులకి 4000 రూపాయల పింఛను చేతిలో పెడుతున్నారు. అక్కడా యాప్ ఉంది, నెట్ ఉంది, వేలిముద్ర ఉంది, కాకపోతే ఫోన్ ఉద్యోగి చేతిలో ఉంది. అంతే తేడా. అదే ఉద్యోగి నెలకోసారి మిగతా పనులు కూడా అరుగు మీద కూర్చుని చేసిపెట్టొచ్చు కదా. బ్యాంకుల్లో, టికెట్ల దగ్గర ఒక్క కౌంటర్ మూసేయకుండా ఉంచండి, అందులో మనిషిని కూర్చోబెట్టండి. ఓటీపీ మెసేజ్ తెలుగులో పంపండి, ఎవరికీ చెప్పొద్దన్న ముక్క చివర్లో ఇంగ్లీషులో ఉంటే ఎవరికి ఉపయోగం? బటన్ ఫోన్‌తో డబ్బు పంపే యూపీఐ 123పే 2022 మార్చిలోనే వచ్చింది, ఆ సంగతి మీ ఊళ్ళో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

ఇంత చెప్పి మా సంగతి దాచుకుంటే బాగోదు. మా పేపర్ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఎదురుచూసి అందుకునేవాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే, వాళ్ళకి అచ్చేసిన పేజీలో మేమే "పూర్తి వివరాలకు స్కాన్ చేయండి" అని నలుపు తెలుపు గళ్ళ డబ్బా ఒకటి వేస్తున్నాం. వచ్చే వారం నుంచి దాని పక్కన ఒక ఫోన్ నంబరు కూడా వేస్తాం, రింగయితే ఎత్తి తెలుగులో మాట్లాడే మనిషిని కూడా పెడతాం.