ప్రణాళికకూ సెలవు కావాలి

మొన్న శనివారం మా ఆఫీసులో ప్రణాళికల రకాల మీద క్లాసు పెట్టారు. బయటి నుంచి వచ్చిన కన్సల్టెంటు గారు బోర్డు మీద పిరమిడ్ గీసి, పైన వ్యూహాత్మక ప్రణాళిక, నడుమ ఎత్తుగడల ప్రణాళిక, అడుగున రోజువారీ ప్రణాళిక అని రాశారు. పైవాళ్ళు ఐదేళ్ళ తర్వాతి సంగతి ఆలోచించాలట, మధ్యవాళ్ళు ఏడాది సంగతి. కిందివాళ్ళం మేము సాయంత్రం బస్సు సంగతి ఆలోచిస్తూ కూర్చున్నాం. పక్కనే చిన్న డబ్బాలో అత్యవసర ప్రణాళిక. (మా దగ్గర అది బీరువాలో భద్రంగా ఉంది. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు.)

అంతా బాగానే ఉంది గానీ, మన దేశం వాడి చూసిన రెండు గొప్ప రకాలు ఆ పిరమిడ్‌లో లేకపోవడం నా మనసును కలచివేసింది.

మొదటిది ప్రణాళికా విరామం. 1951లో మొదలైన తొలి పంచవర్ష ప్రణాళిక 2.1 శాతం వృద్ధి లక్ష్యంగా పెట్టుకుని 3.6 శాతం సాధించింది. అప్రైజల్ ఫారం నింపే ప్రతి ఉద్యోగీ కళ్ళకద్దుకోవలసిన పాఠమిది: గీత మోకాలి ఎత్తున గీసుకుంటే, దాటినప్పుడు చప్పట్లు గ్యారంటీ. మూడో ప్రణాళిక ఈ సూక్ష్మం మరిచి 5.6 పెట్టుకుంది. రెండు యుద్ధాలూ ఒక కరువూ ఆ ప్రణాళికను సంప్రదించకుండానే వచ్చేశాయి. వృద్ధి మూడు శాతం కూడా దాటలేదు. దాంతో పెద్దలు 1966 నుంచి మూడేళ్ళు పంచవర్ష ప్రణాళికకు సెలవిచ్చి, ఏ ఏటికాయేడు నెట్టుకొచ్చారు. చిత్రమేమిటంటే, ఆ మూడేళ్ళ సగటు వృద్ధి ముందరి మూడో ప్రణాళిక కన్నా, తర్వాత వచ్చిన నాలుగో ప్రణాళిక కన్నా ఎక్కువే! 1967లో వానలు బాగా పడ్డాయనీ, కొత్త గోధుమ విత్తనాలు వచ్చాయనీ గిట్టనివాళ్ళు అంటారు. నిజమే. ఆ వాన మాత్రం ఏ పిరమిడ్ చూసి కురిసింది?

రెండోది నిరంతర ప్రణాళిక. 1978లో జనతా ప్రభుత్వం తెచ్చింది. ఒక ఏడాది గడవగానే చివర ఇంకో ఏడాది అతికిస్తారు. ఎప్పుడు చూసినా ముందు ఐదేళ్ళు ఉండనే ఉంటాయి. ఇది మనవాళ్ళకు కొత్తేమీ కాదు. దయ్యం ఇంట్లోకి రాకుండా ఊళ్ళలో తలుపుల మీద ‘రేపు రా’ అని రాయలేదూ? పాపం చదువుకున్న దయ్యం, రోజూ వచ్చి చదువుకుని వెళ్ళిపోయేది. మా ఆఫీసులో గడువు తేదీలు కూడా అంతే మర్యాదస్తులు.

1980లో ప్రభుత్వం మారాక దాన్ని పక్కన పడేసి, ఆరో ప్రణాళికను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. అలా చరిత్రలో ఆరో ప్రణాళికలు రెండయ్యాయి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే అసలు ఫైనల్’ అని ఫైళ్ళకు పేర్లు పెట్టుకునే మేము ఆ వారసత్వాన్నే నిలబెడుతున్నాం.

కనుక మా సంస్థలోనూ ఒక్క ఏడాది ప్రణాళికా విరామం ప్రకటించాలని సవినయంగా అర్జీ పెట్టుకున్నాను. మేనేజర్ గారు ఎంతో మెచ్చుకున్నారు. విరామం ఎలా తీసుకోవాలో మూడు దశల్లో ప్రణాళిక రాసి శుక్రవారానికల్లా పంపమన్నారు.

ఏ శుక్రవారమో చెప్పలేదు కాబట్టి నాకేం టెన్షన్ లేదు.