పోసేది ఒక శాఖ, కొలిచేది ఇంకో శాఖ

మందుబాబుల మీద ప్రభుత్వానికి నమ్మకం లేదని కొందరంటారు. అది అపనింద. తెలంగాణలో వైన్ షాపును ఆనుకుని, కొన్నది అక్కడే కూర్చుని తాగడానికి పర్మిట్ రూమ్ ఉంటుంది. దాని ముందు వరసగా బైకులుంటాయి. లోపల గ్లాసు పట్టుకున్నవాళ్లంతా ఇంటికి నడిచే వెళ్తారనీ, బైకులు వీధి అందం కోసం పెట్టారనీ అనుమతి ఇచ్చినవాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతారు. పౌరుల మీద ఇంతకన్నా నమ్మకం ఏముంటుంది?

ఆ నమ్మకం రెండు మలుపులు దాటాక బారికేడ్ల దగ్గర ఆగిపోతుంది. పోలీసులు మిషన్ నోటి దగ్గర పెట్టి "ఊదు" అంటారు. ఎక్సైజ్ శాఖ పోసిందెంతో పోలీసు శాఖ కొలుస్తుంది. డిసెంబర్ 31న చూడాలి వీళ్ల సమన్వయం! షాపులు అర్ధరాత్రి దాకా, బార్లు ఒంటిగంట దాకా తెరుచుకోవచ్చు. అదే రాత్రి హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు మూసేసి ఊరంతా తనిఖీలు.

చట్టానికీ జాలి ఎక్కువే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. దానికి 1988 మోటారు వాహనాల చట్టం మొదటిసారికి 2,000 రూపాయల దాకా జరిమానా పెట్టింది. క్వార్టర్ ధర ఎన్నిసార్లు పెరిగినా ఈ అంకె మాత్రం మూడు దశాబ్దాలు కదల్లేదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి ఒక్కసారిగా 10,000కు ఎగబాకింది. రెండోసారి దొరికితే 15,000. అంటే అదనంగా పడేది ఐదువేలే. పాత కస్టమర్‌కు ఆ మాత్రం కన్సెషన్ ఉండొద్దా?

జైలు సంగతి మార్చలేదు. మొదటిసారి ఆరు నెలల దాకా, రెండోసారి రెండేళ్ల దాకా. పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యంగా ఒకరి ప్రాణం తీసినా గరిష్ఠంగా రెండేళ్లే. రెండోసారి ఊది దొరికినవాడినీ, మనిషిని గుద్ది చంపినవాడినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించారన్నమాట. 2024 జూలైలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక చావుకు ఐదేళ్ల దాకా అయింది. తాగి చంపినవాడి మీద అంతకన్నా పెద్ద సెక్షన్ పెట్టే వీలూ ఉంది. పెట్టేవాళ్లకు బుద్ధి పుట్టాలి, అంతే.

అసలు శిక్ష మాత్రం కౌన్సెలింగ్. దొరికినవాడు ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి తాగుడు వల్ల అనర్థాలు వినాలి. ఆ ఇల్లాలు ఇదే ఉపన్యాసాన్ని ఏళ్ల తరబడి ఇంట్లో ఉచితంగా ఇస్తూనే ఉంది. ఇప్పుడు ఆమె పనిమానుకుని, ఆటో ఎక్కి వచ్చి, ప్రొజెక్టర్ మీద బొమ్మలతో సహా వినాలి. చుక్క ముట్టని మనిషిని కూర్చోబెట్టి తాగొద్దని చెప్పడంలో ఒక సౌకర్యం ఉంది. ఆమె తప్పకుండా మాట వింటుంది.

2021లో తెలంగాణ హైకోర్టు, తాగినవాడి బండిని పోలీసులు అట్టిపెట్టుకోకూడదనీ, వెంట తాగనివాళ్లుంటే వాళ్లకు అప్పగించాలనీ, లేకపోతే బంధువులకు కబురు చేయాలనీ చెప్పింది. సబబైన తీర్పే. కాకపోతే అర్ధరాత్రి ఫోను మోగేది పాపం బావమరిది ఇంట్లో.

ఊదే మిషన్‌ను పర్మిట్ రూమ్ గుమ్మం దగ్గరే పెట్టి, అంకె దాటినవాడి తాళాలు అక్కడే తీసుకుంటే సరిపోదా అని ఒక మిత్రుడు అడిగాడు. అలా చేస్తే అమ్మకాలూ తగ్గుతాయి, కేసులూ తగ్గుతాయి. రెండు శాఖలకూ నష్టం. ఇలాంటి సలహా ఇచ్చాడంటే ముందు ఆయన్నే ఊదించాలి.