సవరణ: ఫారో దీవులకు మామూలు షెంగెన్ వీసా చాలదు

ఫారో దీవుల ప్రయాణం గురించి ఇంతకుముందు రాసినదాంట్లో "డెన్మార్క్ ఇచ్చే షెంగెన్ వీసా ఉంటే చాలు" అని ఉంది. దయచేసి ఆ వాక్యాన్ని పక్కన పెట్టండి. ఈ 18 దీవులు డెన్మార్క్ రాజ్యంలో భాగమే, కానీ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) గానీ యూరోపియన్ యూనియన్‌లో గానీ లేవు. అందుకని వీసా అవసరమైనవాళ్లు దరఖాస్తులోనే ఫారో వెళ్తున్నామని స్పష్టంగా రాయాలి. వీసా మీద అది ఫారో దీవులకు చెల్లుతుందని విడిగా ఉండాలి. పాస్‌పోర్టు చేతికి రాగానే ముందు ఆ మాట వెతకండి. అన్నీ బుక్ చేసుకున్నాక డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోనే ఆగిపోతే ఎంత బాధో ఊహించుకోండి!

ఇంతకుముందు రాసిన "జూలైలో చలి ఉండదు" అన్నది కూడా సరిచేయాలి. నడి వేసవిలోనూ సగటు ఉష్ణోగ్రత 11 డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైగా గాలి, వాన. గొడుగు నిలవదు, మంచి రెయిన్ జాకెట్ కావాలి.

పఫిన్ పక్షుల కోసం మికినెస్ దీవికి వెళ్లే పడవ, సముద్రం బాగోలేకపోతే రద్దవుతుంది. దాన్ని చివరి రోజుకి పెట్టుకోకండి. ఫారో దీవుల్లోని వాగర్ విమానాశ్రయంలో పొగమంచు వల్ల విమానాలు ఆలస్యమవుతుంటాయి, కాబట్టి తిరుగు ప్రయాణంలో ఒక రోజు ఖాళీగా ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.