బజ్జీ కింద పేరు

అనంతపురం పాతూరులో మా ఇంటికి కాస్త అవతల ఒక కుటుంబం ఉంది. వారిని దొంగలనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే తాళం పగలగొట్టడం, గోడ దూకడం వంటి ఒళ్లు అలిసే పనులు ఆ వంశంలో ఎవరూ చేసి ఎరుగరు. పెళ్లికో గృహప్రవేశానికో వెళ్లినవారు చేతులు ఊపుకుంటూ తిరిగి రాకూడదన్నది మాత్రం వారి ఇంటి ఆచారం. పెద్దాయన సంచిలో గ్లాసు, అవ్వ కొంగులో గరిటె, కొడుకు చొక్కా లోపల కడుపుకు ఆనించి ఒక పళ్లెం ఉండేవి. ఆ పళ్లెం మూలంగా అతడు ఎవరికీ వంగి నమస్కరించలేక నిటారుగా నిలబడితే, అదేదో హుందాతనమని పెళ్లివారు మురిసిపోయేవారు.

పెద్దాయన గుంతకల్లులో రైలెక్కి ఏసీ బోగీలో ఎంత దూరం వెళ్లినా, దిగేటప్పుడు చంకలో ఒక దుప్పటి ఉండేది. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకున్నవారిని శిక్షించడానికి 1966లోనే ప్రత్యేకంగా చట్టం చేశారని నేను ఒకసారి భయపెట్టబోతే, ఆయన ఆ ముద్ర దుప్పటినే నిండుగా లాక్కుని, "దగ్గర పెట్టుకోలేదు గదప్పా, కప్పుకున్నాం" అన్నారు.

ఇలాంటి ఇంట్లో నిజం తప్ప మరొకటి పలకని మనుమరాలు పుట్టింది. బడిలో దొరికిన బలపం ముక్కకు సొంతదారు తేలేదాకా ఆ పాప అన్నం ముట్టలేదట. అవ్వ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, అయినా గుణం కనిపించలేదు. దానికి తోడు బడివాళ్లు పిల్లలను లేపాక్షికి తీసుకెళ్లారు. వీరభద్రాలయాన్ని కట్టించిన విరూపణ్ణ విజయనగర కోశాధికారి అనీ, రాజుగారి సొమ్ము అడగకుండా ఖర్చు చేశాడన్న నింద పడితే తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడనీ, ఆ గోడ మీది ఎర్రటి మచ్చలు అవేననీ అక్కడ చెప్పుకునే కథను పాప శ్రద్ధగా విన్నది. ఇంటికి రాగానే దుప్పటి కప్పుకుని కునుకు తీస్తున్న పెద్దాయనను తట్టి లేపి, "తాతా, నువ్వెప్పుడు పెరుక్కుంటావు?" అని అడిగింది. ఆ రాత్రి ఆయన లోపలి నుంచి గడియ పెట్టుకుని పడుకున్నారు.

అసలు ముప్పు ఒత్తులు నేర్చుకోవడంతో మొదలైంది. స్టీలు సామాను కొన్నవెంటనే అంగడిలోనే చిన్న యంత్రంతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకోవడం మనవారి అలవాటు కదా. ఆ ఇంట్లో అందరికీ చదువు వచ్చినా, గిన్నెల మీది రాత మాత్రం ఎవరి కంటికీ ఆనేది కాదు. పాప వంటింట్లో బాసింపట్టు వేసుకుని, చెంబు మొదలుకొని చారు గిన్నె దాకా, బడిలో హాజరు పిలిచినట్లు ఒక్కొక్క పేరూ గట్టిగా చదవసాగింది. హిందూపురం, కదిరి, ఉరవకొండ, ఇలా ఉమ్మడి జిల్లా అంతా ఆ గూటిలో సర్దుకుని ఉందని మాకు గోడ అవతల నుంచే తెలిసింది.

ఇంతలో పాప మేనత్తను చూసుకోవడానికి ధర్మవరం నుంచి పెళ్లివారు వస్తున్నారని కబురు వచ్చింది. ఇరుగుపొరుగు పెద్దమనిషిగా నన్నూ పిలిచారు. పలహారం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. పళ్లెం అంచున ఉన్న పేరు బజ్జీ కింద దాగేటట్లు వడ్డించాలని అవ్వ కోడలికి ముందే గట్టిగా చెప్పింది. ఏర్పాటులో లోపం లేదు కానీ, వచ్చినవాళ్లు బజ్జీ తింటారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పుట్నాల పొడి పట్టించిన ఉగ్గాని ఒక ముద్ద నోట్లో వేసుకుని, పెళ్లికొడుకు తల్లి బజ్జీని చేతిలోకి తీసుకోగానే, ఎదురుగా కూర్చున్న పాప ముందుకు వంగి, ధర్మవరం వాస్తవ్యులు ఫలానా వారి గృహప్రవేశ శుభసందర్భమున అని ఇంటిపేరుతో సహా చదివేసింది. ఆ ఫలానా వారు పక్కనే కూర్చుని నములుతున్న పెళ్లికొడుకు తండ్రి. ఆయన నమలడం ఆపేశారు.

"మీ పళ్లెంలోనే మీకు వడ్డించల్లని ఇన్నాళ్లు పదిలంగా దాచినాం వదినా" అన్నది అవ్వ, కన్ను అయినా ఆర్పకుండా.

గొడవ తప్పదని నేను చెప్పుల కోసం చూస్తుండగా, ఆ తల్లి మాత్రం చిరునవ్వుతో, "బజ్జీ బాగుంది వదినా, ఇంకొకటి వెయ్యి" అన్నది. అంత విశాల హృదయం నేను ఎక్కడా చూడలేదు. దాని కారణం వాళ్లు సెలవు తీసుకుని లేచినప్పుడు ఆమె చేతిసంచిలో గలగలమని మోగింది. పాప వాకిలికి అడ్డంగా నిలబడి, ఎంతో మర్యాదగా, "అవ్వా, నీ సంచిలో పెట్టుకున్న గ్లాసు మాది కాదు, తాడిపత్రి వాళ్లది. వాళ్లకే ఇయ్యల్ల" అన్నది.

రెండు కుటుంబాల పెద్దలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వియ్యానికి ఇంతకన్నా తగిన ఇల్లు దొరకదని ఇద్దరికీ ఒకేసారి తోచినట్లుంది, పెద్దాయన ముహూర్తం చూడడానికి లోపలికి వెళ్లి పంచాంగం తెచ్చారు. పాప అట్ట మీది పేరు కూడబలుక్కోవడం మొదలుపెట్టేలోగానే నేను గుర్తుపట్టాను, అది మా నాన్నగారి దస్తూరి.