ఎండుటాకు కాలిస్తే అడవికి ఎరువా?

ఎండాకాలం మొదలైతే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. మా ఊరి గ్రూపులోనే ఈసారి నాలుగుసార్లు చూశాను. అందులో ఉన్నది ఇదీ: "అడవిలో రాలిన ఎండుటాకు పనికిరాని చెత్త. అది కుళ్ళాలంటే ఏళ్ళు పడుతుంది. నిప్పు పెడితే ఒక్కరోజులో బూడిదై నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నీ నేలకు అందుతాయి. కాల్చిన చోట తొలకరికి గడ్డి పచ్చగా రావడమే దీనికి రుజువు. మన పెద్దలు పోడులో చేసిందీ ఇదే. పైగా కాల్చకుండా వదిలేస్తే ఆకు పేరుకుని పెద్ద మంటలు వస్తాయి." కింద, పదిమందికీ పంపమని ఒక మాట.

పంపినవాళ్ళలో చదువుకున్నవాళ్ళున్నారు, సేద్యం చేసేవాళ్ళూ ఉన్నారు. నేను నల్లమల అంచున పుట్టి పెరిగినవాణ్ణి. చూసి ఊరుకోబుద్ధి కాలేదు. ఒక్కొక్క మాటే తీసుకుంటాను.

"ఎండుటాకు చెత్త, ఏళ్ళ తరబడి కుళ్ళదు."

మా ఊరి పక్క అడవి అంచున ఒక టేకు చెట్టు కింద కూర్చుని, ఆకును పొరలు పొరలుగా తీసి చూడండి. పైన ఈ ఏడు రాలిన ఆకు, పట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. దాని కింద ఈనెలు మాత్రమే మిగిలి వలలా కనిపించే ఆకు. అక్కడక్కడా చెదలు కట్టిన మట్టి పూత. ఇంకాస్త కిందికి వెళ్తే ఆకు అనే ఆకారమే ఉండదు. నల్లటి పొడి, దాని మధ్య సాలెగూడు కన్నా సన్నటి తెల్లని దారాలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలివాన వాసన. ఆ దారాలు శిలీంద్రాలు. చెదలు, రోకలిబండ పురుగులు, వానపాములు ఆకును కొరికి ముక్కలు చేస్తే, శిలీంద్రాలు, బ్యాక్టీరియా దాన్ని వేళ్ళు పీల్చుకోగలిగే పోషకాలుగా మారుస్తాయి.

నల్లమల లాంటి పొడి అడవిలో ఈ పని చాలావరకు వానలు పడే నెలల్లోనే సాగుతుంది. మామూలు ఆకు ఏడాది, ఏడాదిన్నరలో మట్టిలో కలిసిపోతుంది. నిజంగానే ఏళ్ళ తరబడి కుళ్ళకపోతే ఈపాటికి అడవిలో నడుము లోతు ఆకు ఉండాలి కదా!

ఇంకో సంగతి. చెట్టు ఆకును రాల్చేముందు అందులోని నత్రజని, భాస్వరాల్లో దాదాపు సగాన్ని కొమ్మల్లోకి వెనక్కి లాగేసుకుంటుంది. మిగతా సగం ఆకుతో పాటు నేల మీద పడుతుంది. అడవికి యూరియా బస్తా ఎవరూ తోలరు. ఆ సగం తిరిగి వేళ్ళకు అందితేనే వచ్చే ఏడు చిగురు.

"కాలిస్తే నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నీ అందుతాయి."

మెసేజ్ మొత్తంలో ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. పొటాష్, కాల్షియం, మెగ్నీషియం, చాలావరకు భాస్వరం బూడిదలో మిగులుతాయన్నది నిజం. నత్రజని మాత్రం మిగలదు. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడికే అది వాయువుగా మారి పోవడం మొదలవుతుంది. ఎండుటాకు మంట 500 డిగ్రీలు దాటడం మామూలే. గంధకం కూడా చాలావరకు అదే దారి పడుతుంది.

రైతు లెక్కలో చెప్తాను. హెక్టారు అడవిలో ఏడాదికి 5 టన్నుల ఆకు రాలిందనుకుందాం. అందులో నత్రజని నూటికి ఒక వంతు వేసుకున్నా 50 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే ఆ ఆకు పూర్తిగా కాలితే దాదాపు రెండున్నర బస్తాల యూరియాకు సరిపడా నత్రజని పొగలో కలిసిపోయినట్టే. దాన్ని మళ్ళీ గాలి నుంచి నేలకు దించాలంటే చండ్ర, ఏగి, దిరిసెన లాంటి చెట్ల వేళ్ళ బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా ఏళ్ళ తరబడి కష్టపడాలి.

పెంటకుప్పకు నిప్పుపెట్టి, మిగిలిన బూడిదను పొలానికి తోలే రైతును ఎక్కడైనా చూశారా? కానుగాకు, జీలుగ, జనుము పచ్చిగానే పొలంలో తొక్కించి దున్నే మనవాళ్ళకు ఈ సంగతి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. అడవి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిని పక్కన పెట్టేస్తున్నాం. అదే నా బాధ.

మిగిలిన బూడిదైనా నేలలో ఉంటుందా అంటే, అక్కడా చిక్కే. మన దగ్గర నిప్పు పడేది ఫిబ్రవరి నుంచి మే లోపు. వానలు కుదురుకునేది జూన్ తర్వాత. మధ్యలో వేసవి గాడ్పులు బూడిదను ఎత్తుకుపోతాయి. మిగిలినది తొలి జడివానకు వాగులోకి జారుతుంది. పొటాష్ నీళ్ళలో ఇట్టే కరిగిపోయేది. వెనకటి రోజుల్లో బూడిద నానేసిన నీళ్ళు చేతికి జారుడుగా తగిలేవి గుర్తుందా? ఆ జారుడు బూడిదలోంచి కరిగి వచ్చిన పొటాష్ క్షారం వల్లే. ఆకు కుళ్ళే పద్ధతిలో ఈ తొందర లేదు. వాన పడితేనే శిలీంద్రం లేస్తుంది, ఆ వానకే వేళ్ళూ మేలుకుంటాయి. వడ్డించే వేళకు తినేవాళ్ళు పంక్తిలో ఉంటారన్నమాట.

తినేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో అమెరికాలో ఒకసారి కావాలనే చేసి చూశారు. న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో హెర్బర్ట్ బోర్మన్, జీన్ లైకెన్స్ తదితర శాస్త్రవేత్తలు 1965 చివర్లో ఒక చిన్న వాగు పరీవాహకంలోని చెట్లన్నీ కొట్టించారు. దుంగను కూడా బయటికి తేలేదు. ఆపై మూడు వేసవులు కలుపుమందు కొట్టి ఏమీ మొలవకుండా చేశారు. ఆ వాగు నీళ్ళలో నైట్రేట్ 40 రెట్లకు పైగా పెరిగి, తాగునీటి పరిమితిని దాటింది. అక్కడ నిప్పు లేదు, అది వేరే రకం అడవి, ఒప్పుకుంటాను. కానీ అడవి నేలలో పోషకాలను పట్టి ఉంచేది బతికున్న వేళ్ళేనని ఆ వాగు నీళ్ళే చూపించాయి.

"కాల్చిన చోట గడ్డి పచ్చగా వస్తుంది."

వస్తుంది. పశువులు కాసుకునేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. గడ్డి దుబ్బు మొదలు మట్టిలో భద్రంగా ఉంటుంది, పైన ఎండ బాగా తగులుతుంది, బూడిదలోని లవణాలు మొదటి వానకు అందుతాయి. వేడి తగిలిన పైమట్టి కొద్దిపాటి నత్రజనిని కూడా వేళ్ళకు అందేలా వదులుతుంది. ఆ పచ్చదనం అన్నాళ్ళూ కూడబెట్టినదాన్ని ఒక్కసారిగా ఖర్చు పెట్టడం వల్ల వచ్చింది. అదే చోట గడ్డి పక్కన వంగి చూడండి. మోకాలెత్తు నల్లమద్ది, టేకు, ఏగి మొక్కలు మాడి ఉంటాయి. కొన్ని వేరు నుంచి మళ్ళీ చిగురిస్తాయి, వచ్చే ఏడు మళ్ళీ కాలుతాయి. ఏటా కాలే అడవిలో ముసలి చెట్లుంటాయి గానీ పిల్ల చెట్లుండవు.

"పోడులో పెద్దలు చేసిందీ ఇదే."

ఇది పోడు వ్యవసాయం గురించి తెలియక అన్న మాట. కొండరెడ్లు, సవరలు, కోయలు పాత పద్ధతిలో ఏళ్ళ తరబడి పెరిగిన చెట్టూ చేమా కొట్టి, ఒకసారి కాల్చి, రెండు మూడేళ్ళు పండించి, ఆ కొండను వదిలేసేవారు. మళ్ళీ అడవి లేచి, ఆకు రాలి, నేల కోలుకున్నాకే అక్కడికి వచ్చేవారు. పోడుకు ప్రాణం ఆ వదిలేసిన ఏళ్ళలో ఉంది. ఏటా నిప్పు పెట్టేచోట నేలకు ఆ విశ్రాంతి ఎక్కడిది?

"ఆకు పేరుకుంటే పెద్ద మంటలు వస్తాయి."

ఇందులో కొంత నిజం ఉంది. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు అనే ఆదివాసులు వేసవి ముదరకముందే, ఆకులో ఇంకా చెమ్మ ఉండగా, చిన్న మంటలు పెట్టేవారు. దాన్ని తరగు బెంకి అంటారు. మన అటవీ సిబ్బంది కూడా వేసవికి ముందు ఫైర్ లైన్ల (మంట దాటకుండా అడవిలో తీసే ఖాళీ దారుల) వెంబడి ఆకును ఊడ్చి, దగ్గరుండి కాలుస్తారు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అనే లెక్క తెలిసినవాళ్ళు చేసే పని అది. వాట్సాప్ మెసేజ్ చూసి ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం అగ్గిపుల్ల గీయడానికి, దానికి పోలికే లేదు.

అసలు మన దగ్గర ఎక్కువ మంటలకు కారణం మనుషులే. తునికాకు లేతగా రావాలని, ఇప్పపువ్వు నేల మీద కనిపించాలని, మేత కోసం, ఒక్కోసారి ఆర్పకుండా పారేసిన బీడీ వల్ల. తునికి పొదను మొదలు దగ్గర నరికినా లేతాకు వస్తుంది. ఇప్పచెట్టు కింద ఊడ్చుకోవచ్చు, వల కట్టుకోవచ్చు. వీటికి కూలీ, ఖర్చు అవుతాయి. ఆ ఖర్చు ఏరుకునేవాళ్ళ మీద పడకుండా కొనేవాళ్ళు, ప్రభుత్వం భరించాలి. నిప్పు వద్దని వాళ్ళకు మాత్రమే నీతులు చెప్పడం నాకు సమ్మతం కాదు.

పోయిన జులైలో మా ఊరి పక్కనే, బండ్లదారికి అటూ ఇటూ ఒక చిన్న పరీక్ష చేశాను. ఎడమ పక్క వేసవిలో కాలింది, కుడి పక్క కాలలేదు. సీసాడు నీళ్ళు రెండు పక్కలా ఒకేలా పోశాను. కుడి పక్క ఆకు కిందికి ఇంకిపోయి, కాసేపటికి ఒక వానపాము పైకి వచ్చింది. ఎడమ పక్క గట్టిపడ్డ నేల మీద నీళ్ళు నిలవకుండా, మసిని కలుపుకుని, నా చెప్పుల పక్కనుంచి వాగువైపు జారిపోయాయి.